మైకక్కకి గొంతొచ్చిన రోజు

కూరగాయల వేలం షెడ్డులో ఆమెని అందరూ మైకక్క అనేవారు. షెడ్డుకి అసలు మైకు లేక కాదు. ఉంది. సగం రోజులు పలికేది కాదు, పలికిన రోజు కుయ్యిమని చెవులు కోసేది. ఆమె దాని జోలికే పోయేది కాదు. టమాటా ట్రేల వరస ముందు సిమెంటు దిమ్మె ఎక్కి, నడుము మీద చేతులు పెట్టుకుని ఒక్క కేక వేస్తే గేటు బయట లారీ కింద నిద్రపోతున్న డ్రైవరు కూడా ఉలిక్కిపడి లేచేవాడు.

వేలం పాట పిలవడానికి పెద్ద గొంతు ఉంటే చాలదు. ఆ గొంతులో తొందర ఉండాలి, తొందర లేనట్టూ ఉండాలి. "రెండోసారి" అన్నాక ఆమె ఓ క్షణం ఆగేది. ఆ క్షణంలో కొనేవాడికి గుండె దడదడలాడేది. పక్కవాడు ఎక్కడ చెయ్యెత్తేస్తాడోనని తనే ఎత్తేసేవాడు. అందుకే రైతులు తమ సరుకు ఆమె పిలిచే వరసలోనే దింపాలని గేటు దగ్గర గొడవ పడేవారు. "మీ అయ్య బస్తాలు మోసి ఎంత సంపాదించాడో గానీ, నిన్ను మాత్రం మాకిచ్చి పోయాడమ్మా" అనేవాడు షెడ్డు యజమాని. ఆమె తండ్రి అదే షెడ్డులో హమాలీ. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పోయేనాటికి చెల్లెలు ఇంకా పలక పట్టుకుని బడికి వెళుతోంది. ఆ పిల్లకి జడ వేసిందీ, జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిందీ, చదువు చెప్పించిందీ అక్కే. తర్వాత మైకక్కకి పెళ్ళయింది. భర్త సరుకుల ఆటో నడుపుతాడు. పిల్లలు కలగలేదు. "ఉందిగా ఒకతి, మళ్ళీ ఇంకొకరు ఎందుకు?" అని భార్యాభర్తలిద్దరూ చెల్లెల్ని చూసి నవ్వుకునేవారు.

చదువయ్యాక చెల్లెలూ షెడ్డుకే వచ్చింది. దిమ్మె పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, ఏ కుప్ప ఎవరికి పోయిందో చీటీలు రాసేది. అక్కకి ఒంట్లో బాగాలేని రోజు తనే దిమ్మె ఎక్కేది. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరిలో ఎవరు పిలుస్తున్నారో చెప్పడం కష్టం. ఫోన్‌లో అయితే బావగారే పొరబడి మరదలితో "కూరేం వండావే?" అని అడిగి నాలుక్కరుచుకున్న సందర్భాలున్నాయి.

మైకక్క గొంతు ముందు భాగంలో ఒక గడ్డ లేచింది. మొదట గురిగింజంత. తర్వాత మింగినప్పుడల్లా కింద నుంచి పైకి జరిగేది. థైరాయిడ్ గడ్డ అన్నారు, ప్రమాదకరమైనది కాదు గానీ తీసెయ్యడం మంచిదన్నారు. తీసేశారు. ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచి నీళ్ళు అడుగుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. గాలి వచ్చింది. టైరులోంచి గాలి పోతున్నట్టు ఒక సన్నటి చప్పుడు, అంతే.

ఇంటికి పంపే రోజు సర్జన్ హడావిడిగా వచ్చి చూసి, బయట వరండాలో చెల్లెలితో కాసేపు మాట్లాడి వెళ్ళాడు. భర్త ఆటో తేవడానికి కిందికి వెళ్ళాడు. చెల్లెలు లోపలికి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

"నరం బాగా దెబ్బతిందంటక్కా. ఆరు నెలలు నువ్వు నోరు మెదపకూడదంట. మెదిపితే ఉన్నది కూడా పోతుందంట. ఏడాది దాకా దీనికి మందూ మాకూ ఏమీ ఉండదన్నాడు."

మైకక్క తల ఊపింది. ఆ రోజు నుంచి నోరు మూసుకుంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జన్ లేడు. ఎవరో కుర్ర డాక్టరు చూసి, "మానిపోయింది, వెళ్ళండి" అన్నాడు. వెంట ఉన్నది చెల్లెలే.

రోజంతా కేకలు వేసి బతికిన మనిషికి మౌనం ఎలా ఉంటుందో ఆమె ముఖం చూస్తే తెలిసేది. చప్పట్లు కొట్టి భర్తని పిలిచేది. పాలు పొంగితే గరిటెతో గిన్నె మోగించేది. పక్క వాటాలో ముసలాయన ఆమె కనిపిస్తే గట్టిగా అరిచి, ఒక్కో అక్షరం ఒత్తి పలికేవాడు. పోయింది గొంతు, చెవులు కాదని ఆయనకి చెప్పేదెవరు? భర్త మొదట్లో, "ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందే" అని వేళాకోళమాడాడు. ఆమె కళ్ళు చూసి ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అన్నిటికన్నా కష్టం నీళ్ళతోనే. గుక్క మింగితే సగం అడ్డదారిలో పోయి ఉక్కిరిబిక్కిరయ్యేది. కళ్ళు ఎర్రబడి, ఊపిరి అందక వంగిపోతే, దగ్గర ఉన్నప్పుడల్లా చెల్లెలు పరుగున వచ్చి వీపు రాసేది.

షెడ్డులో అక్క స్థానంలో చెల్లెలు నిలబడింది. "నువ్వొచ్చేదాకే అక్కా" అంది. మొదట్లో రోజూ మధ్యాహ్నం వచ్చి కబుర్లన్నీ చెప్పేది. ఎవరు ఎవరితో పోటీపడి పాట పెంచారో, ఏ వ్యాపారి అలిగి వెళ్ళిపోయి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడో అభినయించి చూపేది. మైకక్క శబ్దం లేకుండా నవ్వేది. తర్వాత రోజు విడిచి రోజు వచ్చింది. ఆ తర్వాత వారానికోసారి. షెడ్డు నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళూ తగ్గిపోయారు. ఆమె అనుకుంది, పనులుంటాయి కదా అని.

ఒకరోజు భర్త దూరప్రాంతానికి లోడు వేసుకుని వెళ్ళాడు. మైకక్క కాఫీ తాగుతుండగా పొలమారింది. ఈసారి ఎంతకీ తగ్గలేదు. దగ్గి దగ్గి పక్కటెముకలు పట్టేశాయి. ఇక లాభం లేదని ఒంటరిగానే ఆసుపత్రికి నడిచింది. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు సర్జన్ ఉన్నాడు. ఆమెని గుర్తుపట్టాడు.

"ఏమ్మా, గొంతు డాక్టరమ్మ ఏమంది?"

ఆమెకి అర్థం కాలేదు. నోరు మెదపొద్దన్నారు కదా అని ముందు తటపటాయించింది. చివరికి భయపడుతూనే ఊపిరంతా కూడదీసుకుని గుసగుసగా అడిగింది.

"ఏ డాక్టరమ్మ?"

"అదేంటమ్మా! ఇంటికి పంపిన రోజే చెప్పాను కదా. నరం తెగలేదు, లాగుడుకి నలిగింది, కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు అని. ఈలోగా పెద్దాసుపత్రిలో స్వరపేటిక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి, ఒక ఇంజెక్షన్‌తో మాట వస్తుంది, ఈ నెలలోనే వెళ్ళండి అని. మీ అమ్మాయికి చెప్పాను."

"చెల్లి."

"ఆ, మీ చెల్లెలికే. పేరు కూడా చెప్పాను. ఇన్ని నెలలు ఏం చేస్తున్నారు?"

"మాట్లాడొద్దన్నారుగా..."

"నేనా? నేనెందుకంటానమ్మా మాట్లాడొద్దని?"

ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఆమె చాలాసేపు కూర్చుండిపోయింది. మనసు మొదట చెల్లెలి వైపే వాదించింది. కంగారులో సరిగ్గా వినలేదేమో. మర్చిపోయిందేమో. కానీ ఆ వాదన నిలబడలేదు. మర్చిపోయిన మనిషి ఊరుకుంటుంది. లేని మాట అల్లి చెప్పదు. ఆరు నెలలని లెక్క కట్టదు. మెదిపితే ఉన్నది పోతుందని భయపెట్టదు.

భర్త వచ్చాక చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది అలా చేసుండదే. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది."

"సరే. ఒక్కటి చెయ్యి. నేను డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నట్టు దానికి చెప్పకు."

"చెప్పను" అన్నాడు.

స్వరపేటిక డాక్టరమ్మ సన్నటి గొట్టం ఒకటి ముక్కులోంచి పంపి, ఎదురుగా ఉన్న టీవీలో ఆమె గొంతు ఆమెకే చూపించింది. తెల్లటి రెండు రెక్కలు. "ఈ అనండి" అంటే కుడి రెక్క చటుక్కున మధ్యకి వచ్చింది. ఎడమది కదల్లేదు.

"రెండు తలుపులనుకోండి. ఒకటి తెరుచుకుని బిగుసుకుపోయింది. రెండోది వచ్చినా దాన్ని అందుకోలేకపోతోంది. ఆ సందులోంచే మీ గాలంతా పోతోంది, నీళ్ళు దిగిపోతున్నాయి. ఇప్పుడు నేను ఆ కదలని రెక్కలోకి కాస్త జెల్ ఎక్కించి, దాన్ని లావు చేసి మధ్యకి నెడతాను. హయలురోనిక్ యాసిడ్ అంటారు."

యాసిడ్ అన్న మాట వినగానే భర్త కుర్చీలోంచి లేచాడు. డాక్టరమ్మ నవ్వింది.

"కూర్చోండి. బాత్రూములు కడిగేది కాదు. ఇది మన ఒంట్లో పుట్టేదే. కంటి లోపల ఉంటుంది, కీళ్ళ మధ్య ఉంటుంది, చర్మం కింద బోలెడంత ఉంటుంది. నీటిని పట్టి ఉంచుకునే జిగురు. మోకాలి కీలు అరిగిన కొందరికి దీన్నే ఎక్కిస్తారు. కంట్లో శుక్లం తీసేటప్పుడు లోపలి పొరలు దెబ్బతినకుండా దీన్నే నింపుతారు. ముఖం మీద గీతలు పోవడానికి డబ్బున్నవాళ్ళు పెట్టించుకునేదీ ఇదే. మీ గొంతు రెక్కల్లో కూడా ముందు నుంచీ ఉంది. అవి మెత్తగా వణకడానికి కావాల్సిన వాటిల్లో ఇదొకటి. అందుకే ఒళ్ళు దీన్ని పెద్దగా పరాయిగా చూడదు."

"ఎన్నాళ్ళుంటుంది?" ఆమె గాలి మాట.

"కొన్ని నెలలు. తర్వాత ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుంది. ఈలోగా నరం కోలుకుంటే మంచిదే. లేకపోతే మళ్ళీ ఎక్కించొచ్చు, శాశ్వతంగా సరిచేసే ఆపరేషనూ ఉంది. నరం సంగతి నా చేతుల్లో లేదమ్మా. కానీ ఇన్నాళ్ళు మీరిలా దగ్గుతూ, గుసగుసలాడుతూ గడపాల్సిన అవసరం లేదు. ముందే రావాల్సింది."

ఆ చివరి మాట డాక్టరమ్మ మామూలుగానే అంది. మైకక్క తల దించుకుంది.

మత్తు ఇవ్వలేదు. గొంతు మొద్దుబారేలా మందు కొట్టి, కూర్చోబెట్టే, మెడ బయటి నుంచి సూది దించారు. ముక్కులో గొట్టం, కళ్ళల్లో నీళ్ళు, మింగబోతే మింగుడు పడదు. టీవీలో ఎడమ రెక్క కొంచెం కొంచెం ఉబ్బుతూ మధ్యకి జరగడం భర్త నోరు తెరుచుకుని చూశాడు.

"ఇప్పుడు అంకెలు లెక్కపెట్టండి" అంది డాక్టరమ్మ.

"ఒకటోసారి" అంది మైకక్క.

గది నిండింది. కాస్త బిగిసినట్టుంది, కాస్త బొంగురుగా ఉంది. కానీ గొంతే. నర్సు చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "రెండోసారి" అనబోయి మైకక్క ఆగిపోయింది. భుజాలు కదిలేలా ఏడ్చింది. ఆ ఏడుపుకీ శబ్దం వచ్చింది.

రెండు రోజులు మాత్రం మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి ఆ మాట ఆమె స్వయంగా విన్నది కాబట్టి పాటించింది. ఆ రెండు రోజులూ చెల్లెలు రాలేదు. ఫోనూ చెయ్యలేదు.

మూడో రోజు తెల్లవారుతూనే షెడ్డుకి వెళ్ళింది. గేటు బయటే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపల నుంచి తన గొంతు వినిపిస్తోంది. అదే తొందర, అదే తొందర లేని తీరు, రెండోసారికీ మూడోసారికీ మధ్య అదే ఆగడం. కొత్త మైకు పెట్టించినట్టున్నారు, స్పష్టంగా ఉంది. దిమ్మె మీద చెల్లెలు. కింద స్టూలు మీద చీటీలు రాస్తూ ఎవరో కొత్తమ్మాయి.

మైకక్క దిమ్మె దగ్గరికి పోలేదు. నేరుగా యజమాని గదిలోకి వెళ్ళింది. తండ్రి వయసువాడు, చిన్నప్పటి నుంచీ బాబాయ్ అని పిలుస్తుంది.

"బాబాయ్, వచ్చేశాను."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కూర్చో పెద్దమ్మాయ్. గొంతు బాగుందే. సంతోషం." అన్నాడు. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నరం తెగిపోయింది, ఇక జన్మలో మాట రాదని చిన్నది చెప్పింది. ఎవరూ చూడ్డానికి రావొద్దు, వస్తే నువ్వు బాధపడతావంది. నేనేం చెయ్యను చెప్పు? చిన్నదానికే ఖాయం చేసేశాను."

"తెగలేదు బాబాయ్. నలిగిందంతే. వింటున్నారుగా."

"వింటున్నా. కానీ..." ఆయన టేబులు మీద లేని దుమ్ము తుడిచాడు. "ఆ జిగురు కొన్నాళ్ళకి కరిగిపోతుందటగా? సీజను మధ్యలో అది కరిగి కూర్చుంటే నేను మళ్ళీ ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. జిగురు సంగతి, అది కరిగే సంగతి ఈయనకి ఎలా తెలుసు? గుమ్మం దగ్గర నీడ పడింది. చెల్లెలు మైకు చేత్తో పట్టుకునే వచ్చింది.

"నేనే చెప్పానక్కా. మొన్న బావ ఫోన్ చేశాడు. మీ అక్కకి గొంతొస్తోందే అని ఏడుస్తూ చెప్పాడు."

యజమాని ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళాడు.

డాక్టరమ్మ అరవొద్దంది. మైకక్కకి అరవాలని కూడా లేదు.

"ఎందుకే?" అంది.

చెల్లెలు గోడకి ఆనుకుంది. "ఒక్క వారం అనుకున్నానక్కా. నిజంగా. ఒక్క వారం నేను పిలిచి, తర్వాత డాక్టరు సంగతి చెబుదామనుకున్నా. కానీ నేను పిలుస్తుంటే అందరూ నా వైపు చూశారు. ఇన్నేళ్ళు నీ కాళ్ళ దగ్గర కూర్చుని చీటీలు రాశాను, ఒక్కడన్నా నా ముఖం చూశాడా? మైకక్క చెల్లెలు, అంతే. రెండో వారం చెబుదామంటే నోరు రాలేదు. ఆ తర్వాత ఇంకేం చెప్పను?"

"నీకు నోరు రాలేదా?" అంది మైకక్క.

చెల్లెలు తల దించింది.

"దిమ్మె కావాలంటే అడగాల్సింది. పక్కకి జరిగేదాన్ని కాదా? పోనీ, జరిగేదాన్ని కాదే అనుకో. పోట్లాడాల్సింది. నేను నీళ్ళు మింగలేక వంగిపోతుంటే నువ్వే కదా వీపు రాశావు? రాస్తున్నప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?"

బయట ఎవరో "చిన్నక్కా, తర్వాతి కుప్ప!" అని పిలిచారు. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

"ఎండెక్కితే టమాటాలు మెత్తబడతాయక్కా" అని వెళ్ళిపోయింది. కాసేపటికి మైకులో గొంతు మళ్ళీ మొదలైంది. కొంచెం కూడా వణకలేదు.

ఇంటికి వచ్చాక భర్తని అడిగింది. ఆయన ఆటో తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"సంతోషం పట్టలేక చెప్పేశానే. మన పిల్లే కదా. తెలియక చేసిందిలే, ఇక వదిలెయ్."

"అది తెలియక చేసింది కాదు. తెలిసి చేసింది. నువ్వు కూడా చెప్పొద్దంటే తెలిసే చెప్పావు."

గొంతు వచ్చాక భర్తతో ఆమె పోట్లాడిన మొదటి పోట్లాట అది. ఆయన ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. ఆమె బతిమాలలేదు.

జెల్ డాక్టరమ్మ చెప్పినట్టే పనిచేసింది, చెప్పినట్టే కరిగింది. నీళ్ళు సాఫీగా దిగాయి, దగ్గు పోయింది. కొన్ని నెలలకి మాట చివర్లు మళ్ళీ గాలిలోకి జారడం మొదలెట్టాయి. ఇంకోసారి ఎక్కించారు. అదీ కరిగేలోగా టీవీలో ఎడమ రెక్క ఒక పిసరు కదలడం కనిపించింది. పూర్తిగా కాదు. గొంతు నిలిచింది గానీ పాత గొంతు కాదు. దిగువ స్థాయిలో, అంచు అరిగినట్టు ఉంటుంది. మునుపటి కేక ఇక రాదు. ఆ కేక ఇప్పుడు ఈ లోకంలో ఒక్కరి దగ్గరే ఉంది. ఫోన్‌లో ఎప్పుడైనా అది వినిపిస్తే మైకక్క ఫోన్ చెవి నుంచి దూరంగా పట్టుకునేది.

భర్త సామాన్లు దింపే దారిలో పాత ఇంటిసామాన్లు వేలం వేసే హాలు ఒకటుంది. బీరువాలు, ఇనప మంచాలు, కుట్టుమిషన్లు, పని చేస్తాయో లేదో తెలియని ఫ్యాన్లు. నాలుగు గోడల మధ్య, చేతిలో మైకు. అక్కడ కేకలు అక్కర్లేదు. ఆమె వెళ్ళి అడిగింది. ఒక బీరువాకి పాట పిలిచి చూపించమన్నారు. పిలిచింది. తలుపు పట్టని ఆ బీరువాకి ఇద్దరు పోటీపడ్డారు. మర్నాటి నుంచి రమ్మన్నారు. అక్కడెవరూ ఆమెని మైకక్క అనరు. మేడమ్ అంటారు. అలవాటు పడటానికి కొన్నాళ్ళు పట్టింది.

చెల్లెలు రెండుమూడుసార్లు ఇంటికి వచ్చింది. మైకక్క తలుపు తీసింది, కూర్చోమంది, టీ పెట్టింది. మరదల్ని కూతుర్ని చూసినట్టే చూసే భర్త ఇద్దరి మధ్యా అటూ ఇటూ చూస్తూ, ఫ్యాన్ తిరుగుతున్నా మళ్ళీ మళ్ళీ స్విచ్ నొక్కేవాడు. ఒకసారి చెల్లెలు గ్లాసు కింద పెట్టి అడిగింది.

"తిట్టక్కా. కొట్టు. ఇలా మర్యాద చెయ్యకు. మనం మళ్ళీ మునుపట్లా ఉండమా?"

"తెలీదే" అంది మైకక్క. "నీ మీద కోపం తగ్గుతోంది. అది నిజమే. కానీ నువ్వు ఏం చెప్పినా నాకిప్పుడు ఇంకొకళ్ళని అడగాలనిపిస్తోంది. బయట వాన పడుతోందని నువ్వంటే కిటికీ తీసి చూడాలనిపిస్తోంది. అది ఎప్పుడు పోతుందో నాకు తెలీదు."

చెల్లెలు టీ తాగకుండానే వెళ్ళింది. ఆమె వెనక మెట్ల దాకా వెళ్ళబోయి, మైకక్క మధ్యలో ఆగింది.

ఆ నెలాఖరున పెద్దాసుపత్రిలో పరీక్ష ఉంది. భర్త ఆటో ఆపి, అలవాటుగా తనూ దిగి వెంట నడిచాడు. డాక్టరమ్మ గది తలుపు దగ్గర మైకక్క చెయ్యి అడ్డుపెట్టింది.

"నువ్విక్కడే కూర్చో."

"ఆవిడేదన్నా చెబితే..."

"నేను వింటాను" అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.